నైజీరియా డాక్టరు చిక్వే ఇహెక్వెయాజు: సూది వెయ్యని డాక్టరు చేసే పనేంటి?

కొల్లేరు_కొంగ
కమ్యూనిటీ మెడిసిన్‌లో (అంటే ప్రజారోగ్యం) ఎండీ, రెండో ఏడాది. సంక్రాంతికి ఇంటికెళ్తే మా పెద్దమ్మ అరిసెలు వత్తుతూ నలుగురి ముందూ అడిగేసింది. "ఏమే, ఎండీ అంటావు, సూది వెయ్యవు, గుండె మీద గొట్టం పెట్టవు. మరి నువ్వు చేసేదేంటే?" నాకు జవాబు రాలేదు. వంటింట్లోకి జారుకున్నాను.

ఆ ఉక్రోషంతోనే ఈ బ్రాంచిలో బాగా ఎదిగినవాళ్ళ గురించి చదవడం మొదలెట్టాను. అందులో ఒకాయన దగ్గర ఆగిపోయాను. డాక్టర్ చిక్వే ఇహెక్వెయాజు. తండ్రి నైజీరియన్, తల్లి జర్మన్. ఆవిడ నసుక్కాలో నైజీరియా విశ్వవిద్యాలయంలో సాహిత్యం చెప్పేవారట. ఈయన అదే విశ్వవిద్యాలయంలో మెడిసిన్ చదివి, జర్మనీలో పబ్లిక్ హెల్త్ పీజీ చేశారు. అక్కడి ప్రజారోగ్య సంస్థ రాబర్ట్ కోహ్ ఇన్‌స్టిట్యూట్‌లో, ఇంగ్లండు హెల్త్ ప్రొటెక్షన్ ఏజెన్సీలో, దక్షిణాఫ్రికా అంటువ్యాధుల సంస్థ ఎన్ఐసీడీలో పనిచేశారు. 2016లో స్వదేశానికి పిలిచి అంటువ్యాధుల నియంత్రణ సంస్థ ఎన్‌సీడీసీకి అధిపతిని చేశారు. 2021లో బెర్లిన్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన కొత్త కేంద్రానికి వెళ్ళారు. 2025 నుంచి ఆ సంస్థలో అత్యవసర విభాగానికే ఎగ్జిక్యూటివ్ డైరెక్టర్.

పదవులన్నీ తెలిశాయి. ఆయన పొద్దున్నే ఆఫీసుకెళ్ళి ఏం చేసేవాడన్నది మాత్రం అర్థం కాలేదు. తెలిసినవాళ్ళు చెప్పండి. పెద్దమ్మకి శివరాత్రికల్లా జవాబు చెప్పాలి.

తర్కం_తమ్ముడు
ఎన్‌సీడీసీ ఢిల్లీలో కదా ఉంది? నైజీరియా ఆయన్ని అక్కడ ఎలా కూర్చోబెట్టారు?

కొల్లేరు_కొంగ
హహ, అది వేరే ఎన్‌సీడీసీ తమ్ముడూ. నైజీరియాకీ అదే పొట్టిపేరు. ఇంకో తమాషా, మన ఢిల్లీ సంస్థని 2009 దాకా ఎన్ఐసీడీ అనేవాళ్ళు. ఆయన దక్షిణాఫ్రికాలో చేసినదీ ఎన్ఐసీడీయే. పేర్లన్నీ ఒకే బ్యాచిలో పెట్టినట్టున్నారు.

లాగోస్_రిటర్న్
నేను 2012 నుంచి 2018 దాక నైజీరియాల లాగోస్ నగరంల ఉన్న. హైదరాబాద్ కంపెనీల మందులు అక్కడి హోల్‌సేలర్లకు అమ్ముడు మా పని. 2014ల ఇబోలా వచ్చినప్పుడు నేను ఆడనే ఉన్న. జులై 20 నాడు లైబీరియా నుంచి ఒకాయన విమానం దిగిండు, దిగుతనే పడిపోయిండు. ఆయనను చేర్చుకున్న ప్రైవేటు దవాఖానల డాక్టర్ అమెయో అదదెవో అని ఒక మేడమ్ ఉండె. మలేరియా కాదు, ఇది వేరే లెక్క ఉన్నదని ఆమెకు అనుమానమొచ్చింది. పెద్ద పెద్దోళ్ళు ఫోన్లు చేసి పంపెయ్యమన్నా పంపలే. ఆ రోగి గేటు దాటి లాగోస్ బస్సు స్టాండ్ల కలిసిపోతే ఏమైతుండెనో అనుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తది. ఆమె అదే రోగంతోని చనిపోయింది.

మొత్తం 20 కేసులు, 8 మంది చనిపోయిర్రు. అక్టోబర్ 20కి ఇబోలా లేని దేశమని ప్రకటించిర్రు. అంత పెద్ద ఊర్ల!

గమ్మత్తేందంటే ఆగస్టుల ఒకనాడు పొద్దుగాల అందరి ఫోన్లకు ఒకటే మెసేజ్: ఉప్పునీళ్ళు తాగున్రి, ఉప్పునీళ్ళతోని స్నానం చెయ్యున్రి, ఇబోలా రాదు అని. మా గోదాం వాచ్‌మన్ నన్ను లేపి మరీ చెప్పిండు, బకెట్ గూడ తయారు పెట్టిండు. ఉప్పు తాగి కొందరు దవాఖానల పడ్డరు, చనిపోయినోళ్ళు గూడ ఉన్నరని పేపర్ల వచ్చింది.

ఒక మాట సాఫ్‌గ చెప్తున్న, అప్పుడు చిక్వే గారు ఆ కుర్చీల లేడు. ఆ కీర్తి ఆయన ఖాతాల రాయకున్రి.

కొల్లేరు_కొంగ
థాంక్స్ అన్నా. నేను నిజంగానే అలా అనుకున్నాను. అప్పుడు నడిపించింది ఎవరు మరి?

లాగోస్_రిటర్న్
పోలియో టీమే. పోలియో కోసం ఉత్తరాన పెట్టుకున్న ఎమర్జెన్సీ సెంటర్ పద్ధతిని, మనుషులను తెచ్చి లాగోస్‌ల దించిర్రు. దాదాపు 900 మంది కాంటాక్టులను రోజూ ఇంటికి పోయి చూసిర్రు. ఫోన్ చేసుడు కాదు, గడప కాడికి పోయి జ్వరం చూసుడు.

ఎస్‌ఫారం_సుబ్బన్న
గడప దగ్గరికెళ్ళడం అన్నారు చూశారా, అదీ పని. నేను పశ్చిమ గోదావరిలో హెల్త్ సూపర్‌వైజరుగా చేసి రిటైరయ్యాను. అమ్మాయీ, నీ పెద్దమ్మగారి ప్రశ్న నన్ను ముప్పై ఏళ్ళు అడిగారు.

మాకు వారానికోసారి ఎస్ ఫారం ఉండేది. ఏఎన్ఎం ఊళ్ళో తిరిగి జ్వరాలెన్ని, విరేచనాలెన్ని అని రాసేది. పీహెచ్‌సీ డాక్టరుది పీ ఫారం, ల్యాబుది ఎల్ ఫారం. ఇప్పుడంతా ట్యాబుల్లోకి వచ్చేసింది లెండి. ఒక ఏడు మా ఏఎన్ఎంలకి గట్టిగా చెప్పి ఉన్నవి ఉన్నట్టు రాయించాను. ఏవైంది? మా పీహెచ్‌సీ పరిధిలో విరేచనాలు ఒక్కసారి పెరిగిపోయినట్టు కనపడ్డాయి. పక్క పీహెచ్‌సీలో సున్నాలు. మెమో మాకొచ్చింది! సున్నాలు రాసినవాళ్ళకి పై ఆఫీసులో మంచి పేరు.

ఆ నైజీరియా ఆయన ఈ గొడవ ఎలా తట్టుకున్నాడో ఎవరైనా చెబితే వినాలని ఉంది.

బర్మింగ్‌హామ్_బాబాయ్
సుబ్బన్న గారూ, అసలు తాళం అక్కడే ఉంది. నేను ఇక్కడ బ్రిటన్ ప్రభుత్వ వైద్యసేవ ఎన్‌హెచ్ఎస్‌లో ఫిజీషియన్‌ని, ఇరవై రెండేళ్ళు. నా వార్డులో సగం మంది మనవాళ్ళూ నైజీరియన్లే. వాళ్ళకో మాట ఉంది, 'జాపా'. యోరుబా మాట, దేశం వదిలి ఉడాయించడం అని. ఒక కుర్రాడు పరీక్ష పాసయ్యాడంటే "జాపా అయిపోయింది" అని కేకు కోస్తారు. అందులో తప్పేమీ లేదు, నేనూ ఆ దారినే వచ్చాను. అందుకే వెనక్కి వెళ్ళినవాడి కథ చెవిన పడితే ఆగి వింటాను.

ఈయన బయట ఉన్నప్పుడే నైజీరియా హెల్త్ వాచ్ అని బ్లాగు మొదలెట్టి, అక్కడి ఆరోగ్య వ్యవస్థ గురించి మొహమాటం లేకుండా రాసేవారు. అలా గట్టుమీద నిలబడి మాట్లాడేవాణ్ణి పిలిచి నాగలి చేతికిచ్చారన్నమాట. ఎన్‌సీడీసీ అప్పటికి ఐదేళ్ళుగా ఉంది గానీ దానికంటూ చట్టం లేదు. చట్టం మీద సంతకం పడింది 2018 నవంబరులో. చట్టం లేని సంస్థ 36 రాష్ట్రాల మీద ఏం అధికారం చేస్తుంది? ఏమీ చెయ్యలేదు. బతిమాలుకోవాలి.

రాగానే 2017లో వరసగా పడ్డాయి. ఉత్తరాన జంఫారా రాష్ట్రంలో మెదడు పొరల వాపు, 'సి' రకం మెనింజైటిస్. దేశమంతా కలిపి వెయ్యిమందికి పైగా చనిపోయారు. చేతిలో ఉన్న టీకా ఎక్కువగా 'ఎ' రకానిది, వచ్చిందేమో 'సి' రకం. ఆ రాష్ట్ర గవర్నరు ఇది జనం చేసిన పాపాలకు దేవుడి శిక్ష అనేశాడు. అదే ఏడు సెప్టెంబరులో క్వారా రాష్ట్రంలో పచ్చజ్వరం (ఎల్లో ఫీవర్) తిరగబెట్టింది. అదే నెలలో బయెల్సా రాష్ట్రంలో 11 ఏళ్ళ పిల్లాడికి ఒళ్ళంతా పొక్కులు. మంకీపాక్స్! ఆ దేశంలో దాన్ని చూసి దాదాపు నలభై ఏళ్ళయింది.

నన్నడిగితే సిగ్గుపడాల్సింది రోగాలకి కాదు. ఇరవై కోట్ల దేశం, ఏ రోగమో ఖాయం చేసుకోవడానికి రోగుల నమూనాలని సెనెగల్‌లోని డాకార్‌కి విమానంలో పంపుకోవాల్సి వచ్చింది. ఆయన మొదటి ఏళ్ళు చేసిన పనిలో పెద్ద భాగం ఆ దారిని పొట్టి చెయ్యడమే. రాజధాని అబుజాలోని గడువాలో జాతీయ రిఫరెన్స్ ల్యాబుని నిలబెట్టడం, రాష్ట్రాల్లో ఎమర్జెన్సీ కేంద్రాలు పెట్టించడం, కాగితం మీద వచ్చే సమాచారాన్ని సోర్మాస్ అనే సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించడం. అది ఇబోలా అప్పుడు జర్మనీ పరిశోధకులూ నైజీరియావాళ్ళూ కలిసి కట్టినది. రెండు దేశాల భాషా తెలిసినవాడు కుర్చీలో ఉండటం వల్ల అది మూలపడకుండా దేశమంతా పాకిందని నా నమ్మకం.

స్లైడ్_రాణి
ల్యాబ్ టెక్నీషియన్‌ని, ఊరు పెద్దాపురం. బాబాయ్ గారు నమూనా గురించి ఒక్క ముక్కలో చెప్పేసి వెళ్ళిపోయారు, నాకు మనసొప్పట్లేదు. నమూనా పంపడం అంటే ఏంటో తెలుసా? రక్తం తియ్యాలి. గొట్టం మీద పేరు, తేదీ. మూడు పొరల్లో చుట్టాలి. ఐస్ ప్యాకులున్న డబ్బా. ఆ డబ్బా ఎవరు పట్టుకెళ్తారు? డ్రైవరు సెలవు. బస్సు కండక్టరుకి ఇస్తే "ఏంటమ్మా ఇది, రోగమా?" అని కింద పెట్టమంటాడు. అక్కడికి చేరేసరికి ఐసు కరిగి, రాసిన సిరా కారిపోయి, పేరు చదవలేక 'నమూనా తిరస్కరించబడింది' అని వస్తుంది. ఇది మా కథ. ఇంక దేశం దాటి పంపాలంటే!

కోవిడ్ మొదట్లో వాళ్ళకి పరీక్ష చేసే ల్యాబులు ఒక చేతి వేళ్ళకి సరిపోయేవి. ఆ ఏడాది చివరికి 70 దాకా తెచ్చారు. టీబీకి వాడే జీన్‌ఎక్స్‌పర్ట్ మిషన్లని కూడా దింపారు. మన ఏపీలో ట్రూనాట్‌తో చేసింది అదే కదా. టీబీ మిషను కోవిడ్‌కి పనికొచ్చిన రోజు మా ల్యాబులో దానికి కొబ్బరికాయ కొట్టాం.

లాగోస్_రిటర్న్
లస్సా జ్వరం సంగతి ఎవ్వరు తియ్యలే. నేను తీస్త. లస్సా అంటే ఊరు పేరు, బోర్నో రాష్ట్రంల ఉంటది. 1969ల అక్కడ బయటపడ్డది. ఎలుకల నుంచి వస్తది. వాళ్ళు రోజూ తినేది గారి. మన మినప గారె అనుకునేరు, కాదు. కర్రపెండలం తురిమి, పులవబెట్టి, నీళ్ళు పిండేసి, వేయించి రవ్వ లెక్క చేస్తరు. ఊర్లల్ల ఆ కర్రపెండలాన్ని రోడ్డు పక్కన పట్టాల మీద ఎండబెడ్తరు. రాత్రి ఎలుకలు మీద తిరిగి ఉచ్చ పోస్తయి. అక్కడ వానలు లేని కాలం వచ్చిందంటే, జనవరి ఫిబ్రవరిల కేసులు మొదలైతయి.

2018 మొదట్ల మస్తు వచ్చినయ్. ఆ ఏడు నిర్ధారణ అయినవే 600 దాటినయ్. ఎడో రాష్ట్రంల ఇరువా దవాఖాన నిండిపోయింది. మాకు దాని మందు రిబావిరిన్ కోసం ఫోన్ల మీద ఫోన్లు. డాక్టర్లు, నర్సులకు గూడ అంటింది. మొదటి రెండు రోజులు చూస్తె మలేరియా లెక్కనే ఉంటది, గ్లౌజ్ ఎవ్వడు వేసుకుంటడు?

స్లైడ్_రాణి
అయ్యబాబోయ్, కర్రపెండలమా! మా చుట్టుపక్కల సగ్గుబియ్యం మిల్లులన్నీ దాని మీదే. పెద్దాపురం నుంచి సామర్లకోట దాకా కళ్ళాల్లో తెల్లగా ఆరబోసే ఉంటుంది. ఆ ఎలుక జాతి మన దగ్గర లేదు కదా అన్నా?

కొల్లేరు_కొంగ
లేదక్కా, అది ఆఫ్రికా ఎలుక, మాస్టోమిస్. మన ఎలుకలతో మనకొచ్చేది లెప్టోస్పైరోసిస్, అదీ బురదలో నాట్లేసేవాళ్ళకి ఎక్కువ. సగ్గుబియ్యం ధైర్యంగా తినండి.

సుబ్బన్న గారి ప్రశ్నకి నాకు ఇక్కడే జవాబు దొరికినట్టుంది. లస్సా 2018లో అంతగా 'పెరగడానికి' ఒక కారణం వెతకడం పెరగడం కూడా. దేశంలోనే పరీక్ష చేసే ల్యాబులు వచ్చాక లెక్క పెరుగుతుంది కదా. ఆ అంకెల్ని ఎన్‌సీడీసీ వారం వారం రాష్ట్రాల వారీగా అందరికీ కనపడేలా పెట్టేసేది. మెమో ఇవ్వాల్సినవాళ్ళే అంకెలు బయటపెడితే, కింద సున్నాలు రాయాల్సిన అవసరం కొంతైనా తగ్గుతుందేమో సార్.

తర్కం_తమ్ముడు
అందరూ హారతి పట్టేస్తున్నారు. నేను కాస్త గాలి తీస్తాను, కోపం తెచ్చుకోకండి.

ఇరవై కోట్ల జనాభాలో కోవిడ్ మరణాలు మూడు వేల చిల్లర అని లెక్క. ఎవరు నమ్ముతారు? 2020 ఏప్రిల్లో ఉత్తరాన కానో నగరంలో చావులు పెరిగాయని ముందు చెప్పింది ఏ సాఫ్ట్‌వేరూ కాదు, శ్మశానంలో గోతులు తవ్వేవాళ్ళు. సరిగ్గా అప్పుడే అక్కడున్న ల్యాబు మూతపడి ఉంది. కోగి రాష్ట్రానికి ఎన్‌సీడీసీ బృందం వెళ్తే, మీరే 14 రోజులు క్వారంటైన్‌లో ఉండాలన్నారు, వాళ్ళు తిరుగుముఖం పట్టారు. ఇదేనా నిర్మించిన వ్యవస్థ?

రెండోది. ఐదేళ్ళు చేశాడు, కోవిడ్ ఇంకా నడుస్తుండగా 2021లో బెర్లిన్ వెళ్ళిపోయాడు. జర్మనీ 10 కోట్ల డాలర్లు పెట్టిన కొత్త కేంద్రం, అప్పటి జర్మనీ ఛాన్సలర్ మెర్కెల్ చేతుల మీద ప్రారంభం. మరి ఇది జాపా కాదా? కాస్త ఖరీదైన జాపా?

లాగోస్_రిటర్న్
కోగిది గవర్నర్ చేసిన లొల్లి. మా రాష్ట్రంల కరోనానే లేదన్నడు ఆయన. దానికి ఈయనేం చేస్తడు?

తర్కం_తమ్ముడు
ఏమీ చెయ్యలేడు అన్నదే నా పాయింటు కూడా.

బర్మింగ్‌హామ్_బాబాయ్
తమ్ముడు అడిగిన మొదటి ప్రశ్న న్యాయమైనది. లెక్క తక్కువే, అందులో వాదన లేదు. కానో విషయంలో తర్వాత కేంద్రం పంపిన బృందం కూడా ఆ చావుల్లో సగానికి పైగా కోవిడ్‌వే కావచ్చని తేల్చింది. అంటే గోతులు తవ్వినవాళ్ళు నిజం చెప్పారు. అమ్మాయ్, పరీక్షలో రాయవు గానీ ఇది గుర్తుపెట్టుకో. శ్మశానం కాపరి, మందుల షాపువాడు, బడి టీచరు, వీళ్ళే మొదటి సమాచారం. బెర్లిన్ కేంద్రం చూసుకునే పనుల్లో ఒకటి ఈ జాతిదే, లోకంలో వార్తల్లో, బహిరంగ సమాచారంలో వచ్చే గుసగుసల్ని కంప్యూటరుతో ఏరడం. కానోలో దెబ్బ తిన్నవాడు ఆ పనికి వెళ్ళాడంటే నాకు అర్థమవుతుంది.

రెండో ప్రశ్న దగ్గర నేను మెత్తబడతాను. వెళ్ళాడు, నిజమే. నేనూ వెళ్ళాను, ఆ మాట నాకు తగులుతుంది. కానీ 2020 ఫిబ్రవరిలో ఒకటి చూడండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చైనాకి పంపిన బృందంలో ఆయన ఉన్నాడు. 24న అక్కడ పని ముగిసింది. తిరిగొచ్చి అబుజాలో తనంతట తను 14 రోజులు గదిలో కూర్చున్నాడు. 27న దేశంలో మొదటి కేసు తేలింది, మిలాన్ నుంచి లాగోస్ వచ్చిన ఇటలీ మనిషి. సహారాకి దిగువన ఆఫ్రికాలో అదే మొదటిది. దేశానికి అంటువ్యాధుల విభాగం పెద్దాయన గదిలో తలుపేసుకుని ఉన్నాడు, బయట పని ఆగలేదు! పెద్దాయన గదిలో ఉంటే ఫైలు కదలని ఆఫీసులు నేను ఇక్కడా చూశాను, అక్కడా చూశాను. ఆయన కట్టిన దాంట్లో అది నాకు నచ్చింది.

తర్కం_తమ్ముడు
సరే, దీనికి ఒక మార్కు వేస్తా. ఖరీదైన జాపా మాట మాత్రం వెనక్కి తీసుకోను.

ఎస్‌ఫారం_సుబ్బన్న
గోతులు తవ్వేవాళ్ళ మాట చదివాక మా ఏలూరు గుర్తొచ్చింది. 2020 డిసెంబరు 5న వన్‌టౌన్‌లో మొదలైంది. ఉన్నట్టుండి మనిషి నోట నురగతో పడిపోవడం, పది నిమిషాలకి లేచి "నాకేవైంది?" అనడం. పక్కపక్క ఇళ్ళు కావు, ఒకే కుటుంబం కాదు. ఆరు వందల మంది దాటారు. దిష్టి అన్నారు, గాలి అన్నారు. రిటైరైనవాణ్ణి కదా, ఊరుకోలేక మా వీధిలో నాలుగిళ్ళు తిరిగి చిత్తు కాగితం మీద రాసుకున్నాను: ఏ నీళ్ళు, ఏ కూర, ఎన్నింటికి పడ్డారు. ఒకావిడ "మీకెందుకండీ మా కూర సంగతి?" అంది. ఢిల్లీ ఎయిమ్స్‌వాళ్ళు రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయన్నారు. పురుగుమందులన్న మాటా వచ్చింది. నా కాగితం ఎవరికీ పనికిరాలేదు, ఇప్పటికీ బీరువాలో ఉంది.

స్లైడ్_రాణి
పారెయ్యకండి సార్ దాన్ని.

కొల్లేరు_కొంగ
సుబ్బన్న గారూ, ఆ కాగితం ఫోటో నాకు పంపిస్తారా? పేర్లు చెరిపేసి. మా డిపార్ట్‌మెంటులో మంగళవారం సెమినారుంది.

తమ్ముడూ, నాకింకో సంగతి గుచ్చుకుంటోంది. 2017లో బయెల్సా పిల్లాడి తర్వాత నైజీరియాలో మంకీపాక్స్ ఆగనేలేదు. అక్కడి డాక్టర్ డిమీ ఒగోయినా, ఇది పెద్దవాళ్ళలో వస్తోంది, జననాంగాల దగ్గర పుళ్ళు కనపడుతున్నాయి, లైంగికంగా కూడా అంటుకుంటోందేమో చూడండని అప్పుడే చెప్పాడు. ఎవరూ పట్టించుకోలేదు. 2022 మేలో యూరప్‌లో కేసులు రాగానే లోకమంతా ఉలిక్కిపడింది. జులైలో మన కామారెడ్డికి కువైట్ నుంచి వచ్చినాయన్ని నల్లకుంట ఫీవర్ ఆసుపత్రిలో పెట్టి పుణె ల్యాబు నుంచి నెగెటివ్ వచ్చేదాకా టీవీలన్నీ గేటు ముందే ఉన్నాయి. అబుజా నుంచి చెబితే వినని లోకం బెర్లిన్ నుంచి, జెనీవా నుంచి చెబితే వింటుందంటే, వెళ్ళినవాణ్ణి తిట్టాలా, వినని చెవుల్ని తిట్టాలా? నాకు తేలట్లేదు.

లాగోస్_రిటర్న్
రెంటినీ తిట్టు, పైసలేం పోతయ్.

బర్మింగ్‌హామ్_బాబాయ్
అమ్మాయ్, పనికొచ్చే మాట ఒకటి. ఆయన తొలిరోజుల్లో యూరప్‌లో చేసింది ఫీల్డ్ ఎపిడెమియాలజీ ఫెలోషిప్. బెంచీ మీద కూర్చుని చదివేది కాదు, ఎక్కడ రోగం లేస్తే అక్కడికి బ్యాగు సర్దుకు పోవడమే. మనకి చెన్నైలోని జాతీయ ఎపిడెమియాలజీ సంస్థ ఎన్ఐఈలో అలాంటి కోర్సుంది, ఢిల్లీ ఎన్‌సీడీసీలో ఈఐఎస్ అనే శిక్షణ ఉంది. పీజీ అవగానే వాటికి పెట్టు. బర్మింగ్‌హామ్ టికెట్టు తర్వాత కొనుక్కోవచ్చు.

కొల్లేరు_కొంగ
తప్పకుండా బాబాయ్ గారూ.

శివరాత్రి దాకా ఆగలేక నిన్న రాత్రే పెద్దమ్మకి ఫోన్ చేశాను. ఎలుకలు, కర్రపెండలం పిండి, గోతులు తవ్వేవాళ్ళు, సుబ్బన్న గారి మెమో, అన్నీ చెప్పాను. చివరిదాకా ఊఁ కొట్టింది. తర్వాత అడిగింది: "అయితే జనం కూరలో ఏం వేసుకున్నారో ఇంటింటికీ వెళ్ళి అడగడవేనా నీ ఉద్యోగం? ఆ పని నేను నలభై ఏళ్ళుగా ఊరికే చేస్తున్నానే."

ఎస్‌ఫారం_సుబ్బన్న
ఆవిడ మా మండలంలో ఉండుంటే ఎస్ ఫారం ఎప్పుడూ లేటయ్యేది కాదు. ఫోటో రేపు పంపుతాను తల్లీ, బీరువా తాళం మనవడి దగ్గరుంది.